రాళ్ళ కాపలా ఆయన

సముద్రం దాటిన ప్రయాణం, సికందరు కాలం నాటి శిథిల నగరం, ఆకాశాన్నంటే కొండకొమ్మున మఠం, నిప్పు, అపచారం, చివరికి ఒక మనిషి తలరాత మీద తెల్లదొర తీర్పు. ఇవన్నీ ఉన్న మహాగాథ ఒకటి చెప్పబోతున్నాను. కొంచెం సర్దుకుని కూర్చోండి.

కూర్చున్నారా? అంత అక్కర్లేదు. సముద్రం గంటన్నర. శిథిల నగరం మోకాలెత్తు. కొండకొమ్ము సంగతి తర్వాత చెబుతాను, ఇప్పుడే చెబితే మీరు లేచిపోతారు. గురువారం మధ్యాహ్నం ఇద్దరం పడవెక్కి, శుక్రవారం సాయంత్రం అదే పడవలో తిరిగొచ్చాం. జరిగింది ఇంతే.

ఇది గుర్తు రావడానికి కారణం ఒక క్యాసెట్టు. మా అన్న ఊరి నుంచి ఉత్తరం రాయడు. కువైట్ వచ్చేవాళ్ళ చేతికి క్యాసెట్టు ఇచ్చి పంపుతాడు. మొన్నటి దాంట్లో మేకల ధరలు అయిపోయాక, బోరు సంగతి మొదలుపెట్టబోతూ గొంతు సవరించుకున్నాడు.

"ఆ... నీకు తెలిసినాయన, ఆ దీవిలో రాళ్ళకు కాపలా ఉండిన్యాయన, పోయినాడంట. జ్వరమంట. వచ్చినప్పట్నుంచి పొద్దస్తమానం గుట్టకు ఎదురుగా కూచోనే ఉండేవాడంట. సరే, బోరు సంగతి విను..."

మస్తాన్ బటన్ నొక్కి ఆపాడు. వీడు నా గదివాడు, రాయచోటి మనిషి, షుఐబాలో ఒక క్యాంపు మెస్సులో వంటవాడు.

"కూచోనా?" అన్నాడు.

"అట్లే అన్నాడు."

"ఆయనేనంటావా?"

వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాం. కూచోనే. మస్తాన్ తల ఊపాడు కానీ నమ్మినట్టు లేదు. పోయాడంటే నమ్మాడు, కూర్చున్నాడంటే నమ్మలేకపోయాడు.

ఎందుకంటే మేము ఎరిగినంతలో ఆయన కూర్చునే మనిషి కాడు. రెండు నెలలకోసారి సరుకులకని దీవి నుంచి వచ్చి, దజీజ్‌లో మా గదిలో ఒక పూట ఉండేవాడు. చాప వేస్తే చాప చుట్టూ తిరిగేవాడు. టీ ఇస్తే తలుపు నుంచి కిటికీకి నాలుగడుగులు, కిటికీ నుంచి తలుపుకి నాలుగడుగులు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఎలా లేదన్నా మా గదిలోనే ఒక మైలు నడిచేవాడు. నిలబడక తప్పని చోట ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చుకుంటూ ఉండేవాడు. చేతిలో ఎప్పుడూ ఒక టార్చి. పట్టపగలు కూడా వేసి ఆర్పుతూ ఉండేవాడు.

"అన్నా, కూచో అన్నా. నువ్వు తిరుగుతాంటే మా తలకాయలు తిరుగుతాండాయి," అనేవాడు మస్తాన్.

"కూసుంటే ఏమొస్తాది?"

"మోకాళ్ళకు సుఖమొస్తాది."

"ఈ దేశంలో సూపుకు ఆనుకునే సోటు ల్యా అబ్బీ. మా ఊర్లో యాడ సూసినా ఒక గుట్ట అడ్డమొస్తాది. సూపు పోయి ఆడ కూసుంటాది. సూపు కూసుంటే మనిషి కూసుంటాడు. ఈడ అది పోతానే ఉంటాది. దాని ఎనకమ్మడి నేను పోతాండా."

"కళ్ళజోడు పెట్టించుకో అన్నా, ఆగుతాది," అన్నాను నేను.

ఆయన నవ్వు ఎప్పుడూ ఒక గుక్క ఆలస్యంగా వచ్చేది. అందరం నవ్వి ఆపాక ఒక్కడే నవ్వేవాడు.

ఆయనది గండికోట అవతల, పెన్న ఒడ్డు ఊరు. ఉద్యోగం ఫైలకా దీవిలో, పాత గ్రీకుల గుడీ కోటా తవ్వే చోట కాపలా. చలికాలంలో దొరలూ దొరసానులూ వస్తారు, నేలకు బ్రష్షులతో పళ్ళు తోముతారు, ఎండలు ముదరగానే వెళ్ళిపోతారు. ఏడాది పొడుగునా ఉండేది ఈయనా, రాళ్ళూ. అంతకు మించి ఆయన చరిత్ర నాకు తెలియదు, ఆయనా చెప్పలేదు. రాళ్ళ చరిత్ర మాత్రం అడగకపోయినా చెప్పేవాడు.

ఆ ఏడు ఎండలు మొదలయ్యే ముందు వచ్చినప్పుడు ఆయన చొక్కా జేబులో టార్చి కాక ఇంకొకటి కూడా ఉంది. కొత్త చొక్కాకు వచ్చే ప్లాస్టిక్ కవరులో మడత పెట్టిన లీవు కాగితం. ఎవరో మలబారు టైపిస్టు చేత కొట్టించాడు. నాలుగేళ్ళుగా ఇంటికి వెళ్ళలేదు.

"ఇంగ దొర సంతకం ఒకటే. ఈ శుక్రవారం సుట్టాలెవుర్నో తీసుకోని దీవికి వస్తాండాడు. ఆ పొద్దు సేస్తానన్న్యాడు. ఆ పొద్దు సేయకుంటే దొర దేశం పోతాడు, మళ్ళా సలికాలానికి గానీ రాడు."

"అంటే?"

"అంటే ఇంగో ఏడు."

ఇది అంటున్నంతసేపూ కిటికీ దాకా వెళ్ళి వస్తూనే ఉన్నాడు. తర్వాత హఠాత్తుగా మా ఇద్దరి వైపు టార్చి వేశాడు.

"నేను ఊరికి పోకముందే మీకు సూపిస్తా, రాండి. గురువారం రాండి. రాత్రికి ఆడే పండుకుందురు. గుడి, కోట, కొండ మీద మఠం, అన్నీ. ప్రైవేటు టూరు."

"ప్రైవేటు అంటే?"

"రాత్రి ఆడ ఎవుర్నీ ఉంచకూడదు. అందుకని ప్రైవేటు."

"ఫైలకాలో కొండ ఏంది అన్నా? దోసెలపెనం మాదిరి ఉంటాది కదా ఆ దీవి."

"వచ్చి సూడు."

అలా సాల్మియా రేవులో పడవెక్కాం. మస్తాన్ సంచిలో ఒక కోడి, రాగిపిండి, సంగటి తపేలా, తెడ్డు. నా సంచిలో ఒక తువ్వాలు. నేను దజీజ్‌లో ఒక గోడౌనులో చెక్కర్ని. పెట్టెల మీద నంబర్లు వేయడం, వేసిన నంబర్లు లెక్క చూడటం, ఇదే నా విద్య.

టూరు సాయంత్రం ఐదుకు మొదలైంది. ఆయన ముందు, మేము వెనక. మోకాలెత్తు గోడల మధ్య, మేము అందుకోలేనంత వేగంగా నడుస్తూ, టార్చితో చూపిస్తూ చెప్పాడు.

"ఇది సికందరు పోలీస్ స్టేషను. అది లాకప్పు."

"లాకప్పని ఎట్ల తెలిసింది?"

"కిటికీ ల్యా, సూడు."

"ఈడ ఏ గదికీ కిటికీ లేదు కదన్నా."

"దండులో దొంగలు జాస్తి."

ఇంకో పదడుగులు వేశాక ఒక గుంత. "ఇది వంటిల్లు. పొద్దన్నే సికందరు ఈడ నిలబడి టీ తాగినాడు."

"అప్పటికి టీ పుట్టలేదన్నా."

ఆగి, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారి, ఆలోచించాడు. "అందుకే ఎక్కువ దినాలు ఉండలేదు," అన్నాడు.

నేను గైడ్లను ఓడించడానికే పుట్టానని అనుకునేవాణ్ణి. ఈయన్ని ఓడించడం కుదరలేదు.

ఇక కొండ. తవ్వి జల్లెడ పట్టి పోసిన మట్టి దిబ్బ అది. లారీ అంత ఎత్తుంటుంది, మహా అయితే లారీ మీద ఒక మనిషి. ఆయన ముందు ఎక్కి, మాకు చెయ్యిచ్చి లాగాడు, మేము పడిపోతే లోయలోకి పోతామన్నంత జాగ్రత్తగా. పైకి వెళ్ళాక జేబులోంచి మూడు పిక్చర్ కార్డులు తీశాడు. తవ్వకాల బృందంలో ఒక దొరసాని ఇచ్చిందట, వాళ్ళ వైపు దేశానివి. నిలువునా లేచిన రాతి గుట్టలు. వాటి కొమ్మున, కిందికి జారిపోకుండా పట్టుకుని కూర్చున్నట్టు, ఎర్రపెంకుల మఠాలు.

"ఇట్ల పట్టుకో. ఇంగా పైకి. సెయ్యి సాపు. ఒక కన్ను మూయి."

పట్టుకున్నాను. చెయ్యి చాపి ఒక కన్ను మూస్తే కార్డు సరిగ్గా సముద్రాన్ని కప్పేసింది. దీవి చివర, నేల అయిపోయే చోట, మఠం లేచి నిలబడింది. టూరులో రెండో భాగం అదే.

"మా గండికోట రాయి మాదిరి ల్యా? ఎవుడో ఎత్తకపోయి ఆడ నిలబెట్టినాడు. పైన సాములుంటారంట. ఎనకటి కాలంలో మెట్లు ల్యాకుంటే మనుషుల్ని గంపలో కూసోబెట్టి తాడేసి లాగేవోళ్ళంట. ఆయమ్మే సెప్పింది."

"గంపలో అంటే నువ్వు కూచోవాల కదన్నా. కష్టం."

"గంపలోనే నిలబడతా," అన్నాడు.

కార్డు నా చేతిలోంచి తీసుకుని తను పట్టుకున్నాడు, ఒక కన్ను మూసి. నేను ఇంకో జోకు సిద్ధం చేసుకుంటుంటే మస్తాన్ మోచేత్తో పొడిచాడు. చూస్తే ఆయన కాళ్ళు కదలడం లేదు. ఎంతసేపో తెలియదు. కార్డు దించగానే మళ్ళీ బరువు మార్చుకోవడం మొదలుపెట్టాడు.

చీకటి పడే వేళకు కంచె చుట్టూ తిరిగి రావడానికి వెళ్ళాడు. అప్పుడే నేను చరిత్రలోకి ప్రవేశించాను.

ఆయన గదిలో ఒక కిరోసిన్ స్టవ్వుంది. మస్తాన్ దాన్ని పట్టుకుని ఊపి చూసి పెదవి విరిచాడు. "దీని మీద టీ కాస్తారు, సంగటి కెలకరు. తెడ్డు తిప్పితే స్టవ్వు కూడా తిరుగుతాది. పో, మూడు రాళ్ళు తేపో. ఒక ఎత్తువి తే. తపేలా ఊగకూడదు."

మా వైపు ఎవరిని ఆరుబయట వదిలినా మొదట వెతికేది మూడు రాళ్ళనే. ఇసుక దీవిలో ఒక ఎత్తు రాళ్ళు మూడు దొరకడం కష్టమనుకున్నాను. నేల మీద పరిచిన ఒక టార్పాలిన్ పట్టా మీద మూడూ పక్కపక్కనే, నాకోసమే పెట్టినట్టు వరసగా ఉన్నాయి. ఒక్కో రాయి మీద తెల్ల రంగుతో నంబరు. చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. కానీ నా ఉద్యోగంలో నంబరు లేని సరుకుతోనే తంటా. నంబరు పడిందంటే లెక్కలోకి వచ్చినట్టు, బయటికి ఇవ్వొచ్చన్నట్టు. ఒక్కొక్కటి ఎత్తుకుని మూడు సార్లు తిరిగి తెచ్చాను. అంత శ్రద్ధగా గోడౌనులో కూడా ఎప్పుడూ పనిచేయలేదు.

పెట్టెల చెక్కలతో మంట పెట్టాడు మస్తాన్. సంగటి అద్భుతంగా కుదిరింది. ఆయన వచ్చి, పళ్ళెం చేత్తో పట్టుకుని నిలబడి తిన్నాడు, నాలుగు ముద్దలు. ప్రతి ముద్దకూ ఒక చుట్టు తిరిగాడు. "నాలుగేండ్లాయ రా నాయనా," అన్నాడు. మస్తాన్ మూడు పళ్ళేలూ కడిగి గుమ్మం పక్కన బోర్లించాడు. పడుకున్నాం.

తెల్లవారి నేను లేచేసరికి ఆయన కూర్చుని ఉన్నాడు.

పొయ్యి ముందు, నేల మీద, గొంతుక్కూర్చుని కాదు, చతికిలబడి. రెండు చేతులూ మోకాళ్ళ మీద. ఎదురుగా మూడు రాళ్ళు, నల్లగా.

"ఇవి యాడ తెచ్చినావు?"

"ఆ పట్టా మీద..."

"నంబర్లు కనపడల్యా?"

"కనపడినాయి."

"మరి?"

"నంబరుంటే స్టాకులో ఉన్నట్టే కదన్నా, వాడుకోవచ్చనుకున్న్యా."

ఆయన నా వైపు చూడలేదు. "ఆయమ్మ పదకొండు దినాలు వీటి పక్కన బోర్లా పండుకోని తుడిచింది, బిడ్డకు నీళ్ళు పోసినట్ట. ఇది గుడి మెట్టు. మూడూ ఒకటే రాయి. పగిలింది. మూడు పొద్దుల్లో మూడు తావుల దొరికింది."

"పోలీస్ స్టేషను మెట్టు కాదా?" అన్నాను. నోటికి అలవాటు. ఆయన నవ్వలేదు. ఒక గుక్క ఆగి చూశాను. ఆలస్యంగా కూడా నవ్వలేదు.

దొర పడవ తొమ్మిదికి వస్తుంది. కడగడం మొదలుపెట్టాం. మస్తాన్ సంచిలోంచి ఇనుప పీచు తీస్తే ఆయన లాక్కున్నాడు. "అది వద్దు. రాయి గీసకపోతాది." సబ్బు, ఇసుక, నా తువ్వాలు. నలుపు కొంచెం పోయింది, నంబరు మొత్తం పోయింది.

"నేను రాస్తా అన్నా. నా చెయ్యి బాగుంటాది. అచ్చు అట్లే రాస్తా."

"యా రాయికి యా నంబరో తెలుసునా నీకు?"

తెలియదు. మూడింటినీ మూడు సార్లుగా ఎత్తుకొచ్చిన మనిషిని, ఒక్క నంబరూ గుర్తు లేదు. "రాయికి మాత్రం ఏం తెలుస్తాదిలే అన్నా," అన్నాను.

"రాయికి తెలీదు. ఆయమ్మకు తెలుస్తాది."

పడవ మోటారు వినిపించింది. ఆయన లేచాడు. చొక్కా జేబు తడిమి చూసుకున్నాడు. కాగితం ఉంది. "మీరు రూము ఎనకాలకు పోండి. రాత్రి ఉన్న్యారని తెలిస్తే మీ ఇఖామాలు, ఈ దేశంలో ఉండే కాగితాలు, అడుగుతారు. దగ్గు కూడా రాకూడదు."

రాళ్ళు పట్టా పక్కకు చేర్చి వెళ్ళాం. గది గోడలో పలక ఊడిన సందు ఒకటి ఉంది. అందులోంచి దొర టోపీ, రాళ్ళు తుడిచిన ఆ దొరసాని నోటుబుక్కు, చుట్టాల బూట్లు కనపడ్డాయి. ఆయన వాళ్ళు పట్టా దాకా వచ్చే వరకు ఆగలేదు. ఎదురు వెళ్ళాడు. సగం అరబ్బీ, సగం హిందీ, మిగిలింది చేతులు.

"సాబ్, రాత్రి ఆకలి. నేను వంట. ఈ మూడు రాళ్ళు, నేను. ఖలాస్."

దొర ఏదో అడిగాడు. ఎంతమందని అడిగినట్టుంది.

"వాహిద్," అన్నాడు ఆయన, వేలు ఎత్తి. ఒక్కడు.

దొర టోపీ గుమ్మం వైపు తిరిగింది. గుమ్మం పక్కన మస్తాన్ శుభ్రంగా బోర్లించిన మూడు పళ్ళేలు ఎండలో మెరుస్తున్నాయి. టోపీ అక్కడ కొంచెంసేపు ఆగి, మళ్ళీ ఆయన వైపు తిరిగింది. 

ఆ క్షణంలో నేను బయటికి వెళ్ళాలి. తెచ్చింది నేను. లేవబోయాను కూడా. మస్తాన్ నా చొక్కా పట్టుకున్నాడు. పట్టుకోకపోయినా నేను వెళ్ళేవాణ్ణి కాదని ఇద్దరికీ తెలుసు. మర్యాదకు పట్టుకున్నాడు.

దొరసాని నోటుబుక్కు తెరిచి, నంబర్లు లేని రాళ్ళను చూసి, చేతులు రెండూ విప్పింది. ఇప్పుడేది ఏదని. ఆయన వంగాడు. ఒక రాయి ఎత్తి దాని అంచు మీద బొటనవేలు నడిపించి పట్టా మీద పెట్టాడు. రెండోది పెట్టి, తీసి, అటు ఇటు తిప్పి మళ్ళీ పెట్టాడు. మూడోదాన్ని చూడను కూడా లేదు, దొర మొహం వైపు చూస్తూనే చేత్తో తోశాడు. పగుళ్ళు కలిసి గీతలయ్యాయి. మెట్టు అయింది. దొరసాని నోటుబుక్కులో గీసుకున్న బొమ్మ చూసింది, రాళ్ళు చూసింది, నోటుబుక్కు మూసింది.

లాకప్పు కథ, టీ కథ చెప్పిన మనిషి ఈయనేనా అన్నట్టు మస్తాన్ నా వైపు చూశాడు. నేను సందులోకే చూస్తూ ఉన్నాను.

దొర వంగి మెట్టు చూశాడు. ఆయన బరువు ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదకు పోతూనే ఉంది. ఆ కొద్దిసేపట్లో ఒక ఏడాది ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మారుతూ ఉంది. తర్వాత దొర చెయ్యి చాపాడు. ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఎంత లాగినా ప్లాస్టిక్ కవరులోంచి కాగితం రాలేదు. దొరసాని తీసి ఇచ్చింది. నోటుబుక్కు మీద పెట్టుకుని దొర సంతకం చేశాడు. మెట్టు కుదిరినందుకా, పళ్ళేలు మూడున్నందుకా, నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

వాళ్ళ పడవ వెళ్ళిపోయాక ఆయన గది వెనక్కి వచ్చి, నా కాలిని తన కాలితో మెల్లగా తట్టాడు.

"లెయ్యబ్బీ. దొర పాయ. నీ జోకులన్నీ యాడికి పోయినాయి?"

లేచి, వాటిని వెతుకుతున్నట్టు చొక్కా జేబులు తడుముకున్నాను.

"ఇంగెప్పుడన్నా రాళ్ళు కావాలంటే నన్నడుగు. నంబర్లు ల్యానివి సూపిస్తా."

అప్పుడు నవ్వాడు. మేము నవ్వకముందే నవ్వాడు.

ఇంత జరిగాక ఏదో ఒకటి చేయాలి కదా. కాగితం టౌనులో ఆఫీసుకు నేనే తీసుకెళ్ళి ఇస్తానన్నాను. ఆయనకు రెండు పడవలు తప్పుతాయి. ఇవ్వడానికి మనసు రాలేదు, అయినా ఇచ్చాడు. "మడత పెట్టద్దు. సంతకం మీద ఏలు పెట్టద్దు. ఎండ తగలనియ్యద్దు," అని మూడు సార్లు చెప్పించాడు నా చేత. సాయంత్రం మా పడవ కదిలితే, ఒడ్డు వెంబడి పడవతో పాటు నడిచాడు, నేల అయిపోయే దాకా.

ఆ వేసవికి ఊరు వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. దొర ఒక్క సంతకంతో తనను ఇంటికి పంపాడని ఊళ్ళో అందరికీ చెప్పేవాడని మరో క్యాసెట్టులో విన్నాను. ఆ మాటను నేను సవరించలేదు. నాకు తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. శనివారం గంట సెలవు పెట్టి ఆఫీసుకు వెళితే, గుమాస్తా కాగితాన్ని తిరగేసి వెనకవైపు ముద్ర కొట్టాడు. సంతకం ముందువైపు ఉందని చూపించాను. తవ్వకాల దొర సంతకం దీనికి అక్కర్లేదన్నాడు. కాపలావాళ్ళకు రెండేళ్ళకోసారి లీవు దానంతటదే వస్తుందట, ఎవరైనా వచ్చి అడిగితే చాలట. రెండో కౌంటరు. శనివారం నుంచి బుధవారం దాకా, పొద్దున ఎనిమిది నుంచి పదకొండు లోపల. ఫోటోలు రెండు కావాలి. గమ్ము వాళ్ళే ఇస్తారు.